రివ్యూ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

గిటారిస్టు, గాయకుడు జిమీ హెండ్రిక్స్ నడిపిన ముగ్గురి రాక్ బ్యాండ్ 'జిమీ హెండ్రిక్స్ ఎక్స్‌పీరియెన్స్' మొదటి ఆల్బమ్ 'ఆర్ యూ ఎక్స్‌పీరియెన్స్‌డ్' మీద నువ్వు పంపిన రివ్యూ చదివాను. ఆ సంగీతం నిన్ను ఊపేసిందని ప్రతి పేరాలో తెలుస్తోంది. అది ఎలా వినిపిస్తుందో మాత్రం ఎక్కడా తెలియలేదు. 'మరో లోకం', 'మాటలకందని అనుభూతి', 'మాయాజాలం' అన్నావు. ఏ ఆల్బమ్ పక్కన పెట్టినా ఈ మాటలు అతుకుతాయి. వాటిని కొట్టెయ్యి. చెవికి ఏం వినబడిందో అది రాయి.

అందులో 'ఫాక్సీ లేడీ' పాట మొదలయ్యే తీరు చూడు. హెండ్రిక్స్ నొక్కిపట్టిన తీగను వేలితో వణికిస్తాడు. ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యంత్రం) బాగా పెంచి ఉంది కాబట్టి ఆ చిన్న వణుకే పెద్దదై, ఫీడ్‌బ్యాక్‌గా, అంటే స్పీకర్ శబ్దం మళ్లీ గిటార్‌లోకే వెళ్లి పుట్టే మోతగా, ఉబ్బుతూ వస్తుంది. ఆ తర్వాతే రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస, పడుతుంది. 'అద్భుతమైన ప్రారంభం' అని నువ్వు రాసిన చోట ఈ సంగతి చెప్పి ఉంటే, పాట వినని మనిషికి కూడా వినాలనిపించేది.

ఇక్కడే ఇంకో మాట. ఆల్బమ్ 'పర్పుల్ హేజ్'తో మొదలవుతుందని రాశావు. అంటే నువ్వు విన్నది 1967 ఆగస్టులో వచ్చిన అమెరికా కూర్పు. అదే ఏడాది మే నెలలో ఇంగ్లండ్‌లో వచ్చిన కూర్పు 'ఫాక్సీ లేడీ'తో మొదలవుతుంది. 'హే జో', 'పర్పుల్ హేజ్', 'ద విండ్ క్రైస్ మేరీ' అక్కడ అప్పటికే సింగిల్స్‌గా, అంటే విడి పాటల రికార్డులుగా, వచ్చేశాయి కాబట్టి అందులో లేవు. అమెరికాలో వాటిని చేర్చి, 'రెడ్ హౌస్'తో పాటు ఇంకో రెండు పాటలు తీసేశారు. ఇంగ్లండ్ రికార్డు మోనోలో (శబ్దమంతా ఒకటిగా కలిపి) వచ్చింది, అమెరికాలో స్టీరియో (ఎడమ, కుడి వేరుగా వినిపించేది) కూడా ఉంది. పాటల వరస మీద తీర్పు చెప్పే ముందు ఏ కూర్పు విన్నావో చెప్పాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. ముగ్గురి బ్యాండ్ గురించి రాస్తూ ఒక్కడి గురించే రాశావు. 'మ్యానిక్ డిప్రెషన్' మళ్లీ విను. రాక్‌లో మామూలుగా వినపడే నాలుగు దెబ్బల లెక్క కాదు, మూడేసిగా నడుస్తుంది. గిటార్, బేస్ (మంద్ర స్వరాల గిటార్) ఒకే వరసను కలిసి పట్టుకుని వెళ్తుంటే, కదలికంతా మిచ్ మిచెల్ డ్రమ్స్‌ది. ఎల్విన్ జోన్స్ లాంటి జాజ్ డ్రమ్మర్ల ప్రభావం అందులో స్పష్టంగా వినిపిస్తుంది. లెక్క పట్టుకుని కూర్చోడు, గాయకుడితో మాట్లాడుతున్నట్టు వాయిస్తాడు. నోయెల్ రెడింగ్ నిజానికి గిటారిస్టు, ఈ బ్యాండ్ కోసమే బేస్ పట్టాడు. అతను ఎక్కువ చోట్ల నిలకడగా, పొదుపుగా వాయించబట్టే మిగతా ఇద్దరికీ అంత స్వేచ్ఛ దొరికిందని నా అభిప్రాయం.

రికార్డులో వినిపించేది ఎప్పుడూ ముగ్గురు ఒకేసారి వాయించినదే కాదు, తర్వాత చేర్చినదీ ఉంటుంది. అప్పుడున్నది నాలుగు ట్రాక్‌ల టేపు, అంటే శబ్దాలను నాలుగు వరసల్లోనే విడివిడిగా పట్టేది. లండన్ ఒలింపిక్ స్టూడియోలో ఇంజనీర్ ఎడ్డీ క్రేమర్ రెండు ట్రాక్‌ల మీద డ్రమ్స్, ఒకదాని మీద బేస్, ఇంకోదాని మీద పాటకు ఆధారంగా నడిచే రిథమ్ గిటార్ పట్టేవాడు. ఆ నాలుగింటినీ కలిపి మరో మెషిన్ మీద రెండు ట్రాక్‌లకు దించి, ఖాళీగా ఉన్న రెండింట్లో ముందుకొచ్చి వినిపించే లీడ్ గిటార్, గొంతు చేర్చేవారు. కాబట్టి ప్రతి సోలో (లీడ్ గిటార్ ఒక్కటే ముందుకొచ్చే భాగం) కింద రిథమ్ గిటార్ ఉందా, లేక బేస్, డ్రమ్స్ మాత్రమే మోస్తున్నాయా అని చెవి పెట్టి విను. ఈ ఆల్బమ్‌లో ముగ్గురి బలం అక్కడే తెలుస్తుంది.

సైకడెలిక్ (మత్తులో తోచే వింత లోకంలా వినిపించే సంగీతం) అనగానే మత్తుమందుల ప్రస్తావన తెచ్చావు. ఆ కాలంలో అవి ఉన్నాయి, కాదనను. కానీ ఈ శబ్దాలు పని తెలిసిన చేతులు చేసినవి. టైటిల్ పాటలో గిటార్, డ్రమ్స్ టేపు మీద వెనక్కి తిరుగుతాయి. మామూలుగా తీగ మీటగానే స్వరం ఒక్కసారిగా పుట్టి మెల్లగా ఆరిపోతుంది. తిరగేస్తే ఎక్కడి నుంచో పెరుగుతూ వచ్చి ఠక్కున తెగిపోతుంది. 'థర్డ్ స్టోన్ ఫ్రమ్ ది సన్'లో ఆ వింత గొంతులు హెండ్రిక్స్‌వి, నిర్మాత చాస్ చాండ్లర్‌వి. భూమిని చూడవచ్చిన గ్రహాంతరవాసుల మాటలవి, టేపు వేగం తగ్గించి అలా చేశారు. హెండ్రిక్స్‌కు సైన్స్ ఫిక్షన్ అంటే ఇష్టం. ఇదంతా తెలిస్తే ఆశ్చర్యం తగ్గుతుందని భయపడకు. నాకైతే పెరిగింది.

ఇంగ్లండ్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లిందన్నది ఒక్క వాక్యంలో చెబితే చాలు. అమెరికాలోని మాంటెరే సంగీతోత్సవంలో హెండ్రిక్స్ గిటార్ తగలబెట్టిన కథ, అతను ఇరవై ఏడేళ్లకే చనిపోవడం, రెండూ తీసెయ్యి. లండన్‌లో ఈ రికార్డు బయటికొచ్చే నాటికి ఆ రెండూ జరగలేదు. అప్పటికి ముగ్గురూ కలిసి ఏడాది కూడా కాలేదు. పాటల్లో వినిపించే ఆ తొందర గురించి రాయి.

ముందు 'మ్యానిక్ డిప్రెషన్' డ్రమ్స్ ఒక్కటే వింటూ ఒక పేజీ రాసి నాకు పంపు. మిగతా రివ్యూ సంగతి దాని తర్వాత చూద్దాం. మోనో విన్నావో స్టీరియో విన్నావో పైన రాయడం మర్చిపోకు.

ప్రేమతో,
అన్నయ్య