బెస్సెల్ సీక్వెన్స్‌ని ఫ్రేమ్‌గా పెంచాలంటే ఎన్ని వెక్టర్లు చేర్చాలి?

ఏ వెక్టర్‌ని తీసుకున్నా, సీక్వెన్స్‌తో దాని ఇన్నర్ ప్రాడక్టుల వర్గాల మొత్తం ఆ వెక్టర్ నార్మ్ వర్గానికి ఒక స్థిరసంఖ్య (పై బౌండ్) రెట్లు మించకపోతే అది బెస్సెల్ సీక్వెన్స్. సున్నా కన్నా పెద్దదైన మరో స్థిరసంఖ్య (కింది బౌండ్) రెట్ల కన్నా తగ్గకుండా కూడా ఉంటే ఫ్రేమ్. ఆర్థోనార్మల్ బేసిస్‌లో పక్కపక్క వెక్టర్లను కూడితే (మొదటిది + రెండోది, రెండోది + మూడోది, ఇలా) వచ్చే సీక్వెన్స్ ఫ్రేమ్ కాదు, మరి కొన్ని వెక్టర్లు చేర్చి ఫ్రేమ్ చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు, కానీ పరిమిత సంఖ్యలో చేరిస్తే కుదరదు.

పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో నేనూ సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను. ఇండిపెండెంట్ సెట్‌ని బేసిస్‌గా పెంచిన అలవాటుతో, ఏ దిక్కు తక్కువైందో కనిపెట్టి ఆ వెక్టర్ చేరిస్తే చాలనుకున్నాను. రెండు వారాలు వెతికాను. తక్కువైన దిక్కంటూ ఏదీ లేదు! వీటన్నిటికీ లంబంగా ఉండేది సున్నా ఒక్కటే. అసలు చిక్కు కింది బౌండ్‌లో ఉంది. మొదటి ఎన్ బేసిస్ వెక్టర్లను ప్లస్, మైనస్ గుర్తులు మార్చి మార్చి కూడి చూడండి. నార్మ్ వర్గం ఎన్. పక్కపక్క పదాలు కొట్టుకుపోతాయి కాబట్టి ఇన్నర్ ప్రాడక్టుల వర్గాల మొత్తం మాత్రం 1. ఎన్ పెరిగేకొద్దీ నిష్పత్తి సున్నాకి పోతుంది.

సీక్వెన్స్‌తో ఒక వెక్టర్ ఇన్నర్ ప్రాడక్టులు తీసి, వాటితో ఆ సీక్వెన్స్ వెక్టర్లనే గుణించి కూడే ఆపరేటర్‌ని ఫ్రేమ్ ఆపరేటర్ ఎస్ అంటారు. పరిమితంగా చేరిస్తే ఎస్‌కి ఫైనైట్ ర్యాంక్ ముక్క ఒకటి కలుస్తుంది, అంతే. అలా కలిశాక ఇన్వర్టబుల్ అయిందంటే ఎస్ రేంజ్ ముందే క్లోజ్డ్ అయి ఉండాలి. ఎస్ ఇంజెక్టివ్ కూడా కనుక అసలు సీక్వెన్సే ఫ్రేమ్ కావాలి. కాదని పైన చూశాం.

అనంతంగా చేర్చే వీలుంటే పని తేలిక. ఆ ఆర్థోనార్మల్ బేసిస్‌నే మొత్తంగా చేర్చేయండి, బౌండ్లు 1, 5 వస్తాయి. నాకు ఇంతకన్నా నచ్చే దారి ఇంకోటుంది. మీ సీక్వెన్స్ పై బౌండ్ 4 కాబట్టి, ఐడెంటిటీకి 4 రెట్లలోంచి ఎస్ తీసేస్తే పాజిటివ్ ఆపరేటర్ మిగులుతుంది. దాని వర్గమూలాన్ని ప్రతి బేసిస్ వెక్టర్ మీదా ప్రయోగించి, వచ్చినవి చేర్చండి. తగ్గినచోట తగ్గినంతే నిండి, బౌండ్ 4తో టైట్ ఫ్రేమ్ (రెండు బౌండ్లూ ఒకటే అయిన ఫ్రేమ్) వస్తుంది. ఏ బెస్సెల్ సీక్వెన్స్‌కైనా ఇదే పద్ధతి. బెస్సెల్ కానిదాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు, ఎందుకంటే చేర్చేకొద్దీ మొత్తం పెరగడమే తప్ప తగ్గదు.

రేపు గాబోర్ సిస్టమ్‌తో (ఒకే ఫంక్షన్‌ని టైమ్‌లో, ఫ్రీక్వెన్సీలో సమాన అడుగులతో జరిపితే వచ్చే సీక్వెన్స్) పనిపడితే బేసిస్ బదులు గాబోర్ పార్సెవల్ ఫ్రేమ్ (రెండు బౌండ్లూ 1 అయినది) వాడండి. షిఫ్ట్ పారామీటర్ల లబ్ధం 1 మించకపోతే అది దొరుకుతుంది. టైమ్, ఫ్రీక్వెన్సీ షిఫ్టులతో ఎస్ కమ్యూట్ అవుతుంది, దాంతో ఆ వర్గమూలమూ కమ్యూట్ అవుతుంది. అందుకే చేర్చినవి కూడా గాబోర్ రూపంలోనే ఉంటాయి. వేవ్‌లెట్లలో (ఒకే ఫంక్షన్‌ని సాగదీసి లేదా కుదించి, జరిపితే వచ్చేవి) ఎస్ డైలేషన్లతో కమ్యూట్ అయినా ట్రాన్స్‌లేషన్లతో సాధారణంగా అవదు, కాబట్టి అక్కడ ఈ దారిని నమ్ముకోకండి.