ఒక్క లైనే కదా అనుకోకు

చిట్టీ,

ప్రాజెక్టులో రివ్యూ పని, అంటే ఇతరులు పంపిన కోడ్ మార్పుల్ని (ప్యాచ్‌లని) చదివి ఓకే చెప్పే పని, నీకు అప్పగించారన్నావు, సంతోషం. వెయ్యి లైన్ల ప్యాచ్ వస్తే ఎవరైనా జాగ్రత్తగానే చదువుతారు. ఒకటి రెండు లైన్లదైతే టీ తాగుతూ ఓకే కొట్టేస్తాం. నాకు టెన్షన్ అంతా వీటితోనే.

డెబియన్ అనే లినక్స్ సంగతి విన్నావా? 2006లో అందులోని ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ టూల్ వార్నింగులు ఇస్తోందని రెండు లైన్లు పనిచేయకుండా కామెంట్ చేశారు. చూడ్డానికి రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే. ఒకటి తీసినా పెద్ద నష్టం లేదు, రెండోది మాత్రం గుండెకాయ. రాండమ్ నంబర్లకు ముడిసరుకు అందించేది అదే. అది పోయాక మిగిలిందల్లా ప్రాసెస్ ఐడీ, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కి సిస్టమ్ ఇచ్చే నంబరు. దాంతో ఒక్కో రకం రహస్య కీకి 32,768 అవకాశాలే మిగిలాయి, కూర్చుని అన్నీ ప్రయత్నించి చూడొచ్చు! 2008 మేలో గానీ సంగతి బయటపడలేదు.

అందుకే ముందు డిఫ్‌లో, అంటే పాత కోడ్‌కీ కొత్త కోడ్‌కీ తేడా చూపే చోట, ఎర్రగా కనిపించే (తీసేసిన) లైన్లు చదువు. ఒక్కో లైను అక్కడికి ఎందుకొచ్చిందో గిట్ బ్లేమ్‌లో (ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో చూపే కమాండ్) చూశాకే, తీసెయ్యొచ్చో లేదో ఆలోచించు. డిఫ్ మామూలుగా పైనా కిందా మూడేసి లైన్లే చూపిస్తుంది. ఫైలు తెరిచి ఆ ఫంక్షన్ మొత్తం చదువు, దాన్ని ఎవరు పిలుస్తున్నారో కూడా వెతుకు.

నేనూ దెబ్బ తిన్నవాణ్నే. పొడుగు పేర్లను 5 క్యారెక్టర్ల దగ్గర కత్తిరించే ఒక్క లైను ప్యాచ్ వచ్చింది. ఇంగ్లిష్ పేర్లతో నడిపి చూసి కలిపేశాను. మర్నాడు స్క్రీన్ మీద లక్ష్మి కాస్తా ‘లక్ష్’ అయి కూర్చుంది. మన కంటికి మూడక్షరాలు కూడా లేని ఆ పేరు, పొల్లూ గుడీ కూడా విడివిడిగా లెక్కపెట్టే యూనికోడ్ లెక్కలో ఏడు! తెలుగువాణ్ని, నేనే చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు?

స్పెల్లింగ్ దిద్దిన ప్యాచ్‌లను మాత్రం నానబెట్టకు, చదివి ఆరోజే కలిపెయ్. స్పేసులూ బ్రాకెట్ల గొడవ లింటర్‌కి, అంటే అలాంటివి తనంతట తనే పట్టే టూల్‌కి, వదిలెయ్. కొత్తగా వచ్చినవాళ్లకి ‘ఇది తప్పు’ అని రాయకు, ‘లిస్టు ఖాళీగా ఉంటే ఏమవుతుంది?’ అని అడుగు. ఒక్కోసారి తెల్లమొహం వేసేది మనమే అవుతాం.

నువ్వు చూపించిన టైమౌట్ (ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే సెట్టింగ్) ప్యాచ్ చదివాను. 30ని 300 చేశారు, ఎందుకో మార్పుతో పాటు రాసే కమిట్ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. అసలు సర్వర్ ఎక్కడ ఆగిపోతోందో అడుగు. జవాబు వచ్చేదాకా ఓకే చెప్పకు.

నీ బాబాయి