బైబిల్లోని 91వ కీర్తనలో 'డాలు' అని ఉన్న చోట హీబ్రూ మాట ఏంటి?

"ఆయన సత్యము కేడెమును డాలునై యున్నది" (91:4) అనే వాక్యంలో కేడెం, డాలు రెండూ ఒకటే కదా, రెండుసార్లు ఎందుకు అన్నారని చాలామందికి డౌటు. హీబ్రూలో అవి వేర్వేరు మాటలు. మొదటిది 'త్సిన్నా', అంటే ఒళ్లంతా కప్పేంత పెద్ద డాలు, దావీదుతో తలపడ్డ యోధుడు గొల్యాతు ముందు ఒకడు మోసుకుంటూ నడిచాడే, అది. రెండోది 'సోహెరా'.

ఈ సోహెరాతోనే చిక్కు. హీబ్రూ బైబిల్ మొత్తంలో ఈ ఒక్క చోటే వస్తుంది, కాబట్టి పోల్చి చూసుకోవడానికి ఇంకో వాక్యం లేదు, ధాతువును పట్టుకునే అర్థం లాగాలి. ఆ ధాతువుకు 'చుట్టూ తిరగడం' అని అర్థం; ఊరూరా తిరిగి సరుకు అమ్మే వర్తకుణ్ణి 'సోహేర్' అనేది కూడా దీన్నుంచే. అందుకే కొందరు గుండ్రటి చిన్న డాలు అన్నారు, ఇంకొందరు చుట్టూ కట్టిన కోటగోడ అన్నారు. పాత గ్రీకు అనువాదమైతే దీన్ని క్రియగా మార్చేసి, ఆయన సత్యం నిన్ను 'చుట్టుముడుతుంది' అని రాసింది.

నాకైతే చుట్టూ ఉండే రక్షణ అన్నదే నచ్చుతుంది. డాలు ఎంత పెద్దదైనా ముందువైపే కదా కాసేది, వీపు సంగతేంటి?