పలుచబడిన రక్తానికి మళ్ళీ పలుచన మందా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. మా నాన్నగారికి 57 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం సిరోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడే జబ్బు) అని తేలింది. అప్పటినుంచి మద్యం ముట్టలేదు. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలో 1.8 వచ్చిందని, రక్తం త్వరగా గడ్డకట్టదని, పన్ను కూడా పీకించుకోవద్దని ఇక్కడ చెప్పారు. గత నెల విశాఖపట్నంలో స్కానింగ్ తీస్తే పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో గడ్డ ఉందన్నారు. రక్తం పలుచన చేసే ఇంజెక్షన్ రోజూ వేసుకోమన్నారు. భయపడి ఇంకా మొదలుపెట్టలేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు

సలహా: మీ అనుమానం సబబైనదే. సిరోసిస్ ఉన్నవారి రక్తం గడ్డకట్టదని వైద్యులమూ ఎన్నో ఏళ్ళు నమ్మాం. అది సగమే నిజం.

రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్, ప్రోథ్రాంబిన్ వంటి ప్రోటీన్లు ఎక్కువగా కాలేయంలోనే తయారవుతాయి. కాలేయం దెబ్బతింటే అవి తగ్గి ఐఎన్‌ఆర్ పెరుగుతుంది. అయితే గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ప్రోటీన్ సి, యాంటీథ్రాంబిన్ కూడా తయారయ్యేది అక్కడే. అవీ తగ్గుతాయి. సంతలో తక్కెడను తలచుకోండి. రెండు పళ్ళాల్లోనూ సరుకు తగ్గింది. ముల్లు మధ్యలోనే ఉంది కానీ, చిన్న కుదుపుకే ఇటో అటో వాలిపోతుంది. ఐఎన్‌ఆర్ ఒక్క పళ్ళేన్నే తూస్తుంది. రక్తం పలుచన చేసే వార్ఫరిన్ మాత్ర వాడేవారికి మోతాదు సరిచూడడానికి పుట్టిన పరీక్ష అది. మీ నాన్నగారికి గడ్డకట్టదని దాన్ని చూసి హామీ ఇవ్వలేం. పైగా గట్టిపడిన కాలేయంలోకి దారి దొరక్క పోర్టల్ సిరలో రక్తం నెమ్మదిస్తుంది. పారని నీటికి నాచు పట్టినట్టు, అక్కడే గడ్డ కడుతుంది.

ఇంకో సంగతి. కాలేయం గట్టిపడడంలో ఈ ప్రోటీన్ల చెయ్యి కూడా ఉంది. కాలేయంలోని నక్షత్రాకార కణాలు మామూలుగా విటమిన్ ఎ దాచుకుని ఊరకే ఉంటాయి. ప్రోథ్రాంబిన్ నుంచి పుట్టే థ్రాంబిన్ వాటిమీది పార్-1 గ్రాహకాన్ని తాకితే మేల్కొని కొల్లాజెన్ నారలు అల్లడం మొదలుపెడతాయి. మచ్చ అంటే ఆ నారల పోగే. లోపలి సన్నటి నాళాల్లో చిన్న చిన్న గడ్డలు అడ్డుపడితే రక్తం అందక కణాలు చచ్చిపోతాయి, ఆ ఖాళీని కూడా మచ్చే నింపుతుంది.

అందుకే పలుచన మందుతో మచ్చ పెరగకుండా ఆపగలమా అని పరిశోధనలు సాగుతున్నాయి. 2012లో వెలువడిన ఒక ఇటలీ అధ్యయనంలో 70 మంది సిరోసిస్ రోగుల్లో దాదాపు సగంమందికి 48 వారాలు రక్తం పలుచన చేసే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ కాలంలో వారిలో ఒక్కరికీ పోర్టల్ సిరలో గడ్డ కట్టలేదు. మందు ఇవ్వనివారిలో ఆరుగురికి కట్టింది. పొట్టలో నీరు చేరడం వంటి ఇబ్బందులూ మందు తీసుకున్నవారిలో తగ్గాయి. కానీ ఇది చిన్న అధ్యయనం. మచ్చను తగ్గించే మందుగా దీన్ని ఇప్పుడే ఎవరికీ రాయం. మీ నాన్నగారికి రాసింది గడ్డ కోసం.

గడ్డ అంటే మన భాషలో కణితి కూడా, అదే చిక్కు. సిరోసిస్‌లో కాలేయ క్యాన్సర్ సిరలోకి పాకినా పైకి ఇలాగే కనబడవచ్చు. కాలేయ క్యాన్సర్ జాడ వెతికే ఏఎఫ్‌పి రక్తపరీక్ష, సీటీ స్కాన్ చేశారో లేదో కాగితాల్లో చూడండి.

ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు ఎండోస్కోపీ జరిగిందా అన్నది అంతకన్నా ముఖ్యం. అన్నవాహికలో సిరలు ఉబ్బి ఉంటే, అవి పగిలి రక్తం పోకుండా ముందు వాటికి బ్యాండు వేయడమో, మాత్రలివ్వడమో చేయాలి. ప్లేట్‌లెట్లు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూసి మోతాదు నిర్ణయిస్తారు. ఇవన్నీ చేసే రాసి ఉంటే ఇంక ఆలస్యం చేయకండి. చేయకపోతే ఈ వారంలోనే ఆ డాక్టరుకు ఫోను చేసి అడగండి. ఐఎన్‌ఆర్ అంకెను దించడానికి ప్లాస్మా ఎక్కించమని మాత్రం పట్టుబట్టకండి. దానివల్ల పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. పన్ను పీకించాల్సి వస్తే ఇంజెక్షన్ సంగతి దంతవైద్యుడికి చెప్పండి.

ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. పండగకు గుక్కెడు జీలుగు కల్లు కూడా వద్దు, అదీ మద్యమే. ఎవరో మంచిదన్నారని పసరు మందులు తాగించకండి. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవారి గురించి 2021 నుంచి మన దేశపు వైద్యులే రాశారు.

తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మాట తడబడి మగతగా ఉండడం, వీటిలో ఏది కనబడినా ఆ పూట ఇంజెక్షన్ ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఒడిశాలోనూ ఆంధ్రలోనూ అంబులెన్సుకు నంబరు 108 ఒక్కటే.