సమాధానం: ప్రకటనల్లో చూపే ‘ధైర్యం’ గురించి పిల్లాడితో ఎలా మాట్లాడాలి?

అమ్మాయి వద్దంటున్నా కుర్రాడు వెంటపడే సెంటు ప్రకటన చూసి, మీ పద్నాలుగేళ్ల అబ్బాయి "భలే ధైర్యం వీడిది" అన్నాడనీ, ఏం చెప్పాలో తోచలేదనీ రాశారు కదండీ. ఉపన్యాసం మాత్రం ఇవ్వకండి, ఆ వయసులో చెవికెక్కదు.

అదే ప్రకటన సౌండ్ తీసేసి మళ్లీ పెట్టండి. అమ్మాయి ముఖం ఒక్కటే గమనించమనండి. ఇలాంటివాటిలో తరచూ ఒక కిటుకు ఉంటుంది. ముఖం తిప్పుకున్న అమ్మాయి, సరుకు కనబడగానే తర్వాతి షాట్‌లో నవ్వుతూ ఉంటుంది. మధ్యలో ఆమె మనసు మారిన క్షణం ఎక్కడా లేదు. ఆ మార్పు జరిగింది ఎడిటింగ్ గదిలో! "ఎందుకు ఒప్పుకుంది?" అని అడిగి ఊరుకోండి, వాణ్నే వెతకనివ్వండి.

మాట సాగితే బడ్ లైట్ అనే అమెరికా బీరు 2015 నాటి సంగతి చెప్పండి. ఆ రాత్రికి ‘వద్దు’ అనే మాటే మీ నోట రానివ్వని బీరు అన్న అర్థం వచ్చేలా సీసా మీద అచ్చేశారు. సరదాగా, తెగువగా ఉంటుందనుకున్నారు కాబోలు. జనం మండిపడ్డాక కంపెనీ తప్పు ఒప్పుకుని, దాన్ని అచ్చేయడం ఆపేసింది. అంత పెద్ద కంపెనీలో ఎంతమంది చేతులు దాటి వచ్చి ఉంటుందో చూడండి.

ధైర్యం విషయం సూటిగానే చెప్పొచ్చు. స్నేహితులంతా ఎగదోస్తుంటే "తను వద్దంది, వదిలేద్దాం" అనడానికే ఎక్కువ గుండె కావాలి. దాంతో సెంటు సీసాలు అమ్ముడుపోవు గనక తెరమీద కనిపించదు.

"సరదాకే కదా" అని కొట్టిపారేస్తే వాదించకండి. వారం పోయాక ఇంకో ప్రకటన వచ్చినప్పుడు అదే ప్రశ్న వేయండి.