గోళ్లు తీయబోతే కేకలు: ముందు చేయాల్సిన పని

థెరపీ సెంటర్‌లో ఊయల ఎక్కి హాయిగా ఆడే బాబు ఇంట్లో నెయిల్ కట్టర్ చూడగానే కేకలు పెడుతున్నాడంటే అది మొండితనం కాకపోవచ్చండీ, కొందరు పిల్లలకు తేలిగ్గా తగిలినా గుచ్చినట్టే ఉంటుంది.

చాలామంది మర్చిపోయేది ఒకటే: కట్టర్ తీసే ముందు ఒళ్లు అలిసే పని ఓ పది నిమిషాలు.

1. చపాతీ పిండి గట్టిగా పిసికించండి, లేదా బియ్యం డబ్బా తోయించండి.
2. తర్వాత ఒక్కో వేలినీ నొప్పి లేకుండా గట్టిగా నొక్కి పట్టుకోండి. నిమరొద్దు, నిమిరితే ఇంకా చిరాకు.
3. రోజుకు రెండు వేళ్లు చాలు. చెయ్యి లాక్కుంటే ఆపేయండి.

మా పాపకు స్నానం అయ్యాక, గోళ్లు మెత్తబడ్డప్పుడు కుదిరింది. తాకిడికి అలవాటు చేయడానికని ఒంటికి బ్రష్ రుద్దే పద్ధతి మాత్రం యూట్యూబ్ చూసి చేయకండి, మీ ఓటీని (థెరపీ సెంటర్‌లోని ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని) అడగండి.