స్పిట్‌ఫైర్ ఎందుకు కూలుతోంది?

ప్రశ్న: థర్మాకోల్ రిమోట్ స్పిట్‌ఫైర్ (రెండో ప్రపంచ యుద్ధంనాటి బ్రిటిష్ యుద్ధ విమానం మోడల్) కొన్నాను. చేత్తో విసరగానే ముక్కు పైకెత్తి, ఎడమకు ఒరిగి కూలిపోతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఎక్కువసార్లు తోక బరువే కారణం. రెక్క కింద, ముందు అంచు నుంచి వెడల్పులో సుమారు పావు వంతు దగ్గర రెండు చూపుడు వేళ్లు ఆనించి ఎత్తి చూడండి, తోక వాలితే బ్యాటరీని ముక్కు వైపు జరపండి, ముక్కు కొంచెం వంగినా పర్వాలేదు. ప్రొపెల్లర్ కూడా ఎడమకు లాగుతుంది కాబట్టి వేగం అందుకునేదాకా ముక్కు ఎత్తకండి. 1936లో తొలిసారి ఎగిరిన ఆ విమానం రెక్కల అందమంటే నాకూ ప్రాణమే, కానీ చిన్న మోడల్‌లో వేగం తగ్గితే ఆ సన్నటి కొసలే ముందు పట్టు వదులుతాయి. వేరుశనగ పీకేసిన చేను, కరెంటు తీగలు లేని చోటు, గాలి లేని తెల్లవారుజాము చూసుకోండి. అంతకంటే ముందు ట్రైనర్ (కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసిన) మోడల్ విమానం మీద ఓ నెల చేయి తిరగనివ్వండి.